చిన్న రోబో, చిన్న బాట్: విడివిడిగా కట్టి, కలిపి నడిపే సమగ్ర మార్గదర్శి

1940ల చివర్లో బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే న్యూరోఫిజియాలజిస్టు తాబేళ్లలా కనిపించే రెండు యంత్రాలు తయారుచేశాడు. వాటి పేర్లు ఎల్మర్, ఎల్సీ. మూడు చక్రాలు, వెలుతురును పసిగట్టే ఒక సెన్సర్, దేనికైనా తగిలితే తెలిసే ఒక స్విచ్చి, మెదడు స్థానంలో రెండే రెండు వాక్యూమ్ ట్యూబులు. అందులో ప్రోగ్రామ్ అంటూ ఏమీ లేదు. అయినా అవి వెలుతురు వెతుక్కుంటూ తిరిగేవి, అడ్డం తగిలితే తప్పుకునేవి, బ్యాటరీ తగ్గితే దీపం వెలుగుతున్న గూటికి చేరి చార్జింగ్ చేసుకునేవి.

1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రామ్‌ను లోకానికి చూపించాడు. దానికి చక్రాలూ లేవు, మోటార్లూ లేవు. ఎదుటి మనిషి టైప్ చేసిన వాక్యంలో తనకు తెలిసిన మాట దొరికితే దాన్ని తిప్పి ప్రశ్నగా అడిగేది. ఒక్కటీ దొరకకపోతే, ఇంకా చెప్పమన్నట్టుగా ఏదో ఒకటి అనేది. చాటింగ్ ప్రోగ్రామ్‌లు కట్టేవాళ్లు చాలామంది ఈ రెండో సంగతి పట్టించుకోరు. మనుషుల్ని ఎలైజా అంతగా నమ్మించగలిగిందంటే, అర్థం కానప్పుడు ఏమనాలో కూడా అందులో ముందే రాసి ఉండబట్టే.

ఇంట్లో కట్టే రోబోలైనా, మెసేజ్‌లు చదివి వాటంతటవే పని చేసే ప్రోగ్రామ్‌లైన ఆన్‌లైన్ బాట్‌లైనా చెడేది ఎక్కువగా ఇక్కడే. సెన్సర్ జవాబివ్వదు, సర్వర్ పలకదు, ఒకే మెసేజ్ రెండుసార్లు వస్తుంది. అప్పుడేం చేయాలో కోడ్‌లో ఉండదు. ఈ గైడ్‌లో అడ్డంకులు తప్పించుకునే రోబో ఒకటి, టెలిగ్రామ్ బాట్ ఒకటి కట్టి, చివర రెండిటినీ కలుపుదాం.

మొదటి దశ: కాగితం మీద నాలుగు గడులు

రోబో అయినా బాట్ అయినా చేసేది ఒకటే. చూస్తుంది, నిర్ణయిస్తుంది, పని చేస్తుంది, మళ్లీ చూస్తుంది. కాబట్టి కాగితం మీద నాలుగు గడులు గీయండి: ఏం చూస్తుంది, ఏం నిర్ణయిస్తుంది, ఏం చేస్తుంది, చూసినదాని మీద నమ్మకం లేకపోతే ఏం చేస్తుంది. మొదటి మూడూ ఐదు నిమిషాల్లో నిండుతాయి. నాలుగోది ఖాళీగా ఉన్నంతసేపూ ఏమీ కొనకండి.

మన రోబోకి ఇలా రాసుకోవచ్చు: ముందున్న వస్తువు దూరం చూస్తుంది, 20 సెంటీమీటర్ల కంటే దగ్గరైతే తిరగాలనుకుంటుంది, మోటార్లు తిప్పుతుంది, దూరం తెలియకపోతే వేగం తగ్గించి మళ్లీ చూస్తుంది, అప్పటికీ తెలియకపోతే ఆగి, పక్కకు తిరిగి మళ్లీ చూస్తుంది.

రెండో దశ: సామాన్లు

ఆర్డుయినో ఊనో బోర్డు (రోబోకి మెదడు ఇదే, మన కోడ్ ఇందులో నడుస్తుంది), గేర్లున్న రెండు చిన్న డీసీ మోటార్లు, వాటి చక్రాలు, ముందు ఎటైనా తిరిగే ఒక క్యాస్టర్ చక్రం, బోర్డు ఆదేశం విని మోటార్లకు కరెంట్ ఇచ్చే టీబీ6612 మోటార్ డ్రైవర్, హెచ్‌సీ-ఎస్ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ (ధ్వనితో దూరం కొలిచేది), దేనికైనా తగిలితే నొక్కుకునే చిన్న బంపర్ స్విచ్చి, నాలుగు రీచార్జబుల్ డబుల్-ఏ సెల్స్, వాటి హోల్డర్, వైర్లు గుచ్చి కలపడానికి బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు. వీటితో పాటు ఒక మల్టీమీటర్. చవకదైనా ఫరవాలేదు, అది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

చాలా కిట్లలో టీబీ6612 బదులు ఎల్298ఎన్ ఇస్తారు. అది పాత తరం ట్రాన్సిస్టర్లతో చేసిన చిప్. ఒక యాంప్ కరెంట్ దగ్గర సుమారు రెండు వోల్టులు అదే మింగేస్తుంది. నాలుగు రీచార్జబుల్ సెల్స్ కలిపితే వచ్చేదే 4.8 వోల్టులు. అందులోంచి రెండు పోతే మోటారుకి మిగిలేదెంత? టీబీ6612లో ఈ నష్టం చాలా తక్కువ.

సామాన్లు చేతికొచ్చేలోపు వోక్వీ, టింకర్‌క్యాడ్ సర్క్యూట్స్ లాంటి ఆన్‌లైన్ సిమ్యులేటర్లలో కోడ్ రాసి చూసుకోవచ్చు. వైరింగ్ తప్పులు, లాజిక్ తప్పులు అక్కడే దొరుకుతాయి. బ్యాటరీ నీరసించడం, చక్రం జారడం, కర్టెన్ ధ్వనిని పీల్చేయడం మాత్రం సిమ్యులేటర్‌లో కనిపించవు. అక్కడ బాగా నడిచినంత మాత్రాన నేల మీదా నడుస్తుందనుకోవద్దు.

మూడో దశ: కరెంట్ (తొందరపడకుండా చేయాల్సింది ఇదే)

ఊనో పిన్ ఒక్కోటీ 20 మిల్లీయాంప్‌ల దాకా హాయిగా ఇస్తుంది, 40 దాటితే చిప్ దెబ్బతింటుంది. మోటారు కదలడం మొదలుపెట్టేటప్పుడు, లేదా ఎక్కడైనా ఇరుక్కున్నప్పుడు వందల మిల్లీయాంప్‌లు లాగుతుంది. అందుకే పిన్ నుంచి డ్రైవర్‌కి ఆదేశం మాత్రమే వెళ్లాలి, మోటారుకి కరెంట్ బ్యాటరీ నుంచి డ్రైవర్ ద్వారా రావాలి.

బోర్డుకీ మోటార్లకీ ఒకే బ్యాటరీ పెడితే ఏమవుతుందో చూడండి. మోటార్లు స్టార్ట్ కాగానే వోల్టేజ్ ఒక్కసారిగా పడుతుంది, బోర్డు రీసెట్ అవుతుంది, మోటార్లు ఆగుతాయి, వోల్టేజ్ లేస్తుంది, బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బయటికి రోబో వెక్కిళ్లు పెడుతున్నట్టు కనిపిస్తుంది. చూసినవాళ్లు కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చుంటారు. యూఎస్‌బీ కేబుల్ తగిలించి చూస్తే తప్పు మాయమవుతుంది, ఎందుకంటే బోర్డుకి కరెంట్ అప్పుడు కంప్యూటర్ నుంచి వస్తోంది! కేబుల్ లేకుండానే దీన్ని పట్టుకునే ఉపాయం ఒకటుంది. బోర్డు మీద 13వ పిన్‌కి ఉన్న చిన్న లైటు ప్రోగ్రామ్ మొదట్లో మూడుసార్లు వెలిగి ఆరేలా సెటప్ భాగంలో (బోర్డు మొదలైనప్పుడు ఒక్కసారే నడిచే కోడ్‌లో) రాయండి. రోబో నడుస్తుండగా ఆ లైటు మళ్లీ మూడుసార్లు కొట్టిందంటే బోర్డు రీసెట్ అయినట్టే.

మొదటి రోబోకి నా ఓటు రెండు వేర్వేరు బ్యాటరీలకే. బోర్డుకి చిన్న పవర్‌బ్యాంక్, మోటార్లకు నాలుగు సెల్స్. పవర్‌బ్యాంకుల్లో కొన్ని, కరెంట్ వాడకం మరీ తక్కువైతే ఏదీ తగిలించలేదనుకుని వాటంతటవే ఆఫ్ అయిపోతాయి. ఊనో వాడేది కొన్ని పదుల మిల్లీయాంప్‌లే, కాబట్టి కొనేముందు ఇది సరిచూసుకోండి. రెండు బ్యాటరీల నెగటివ్‌లనూ బోర్డు గ్రౌండ్‌తో కలపాలి. పాజిటివ్‌లను మాత్రం ఎప్పుడూ కలపకూడదు. గ్రౌండ్ కలపకపోతే బోర్డు పంపే సిగ్నల్ డ్రైవర్‌కి సరిగ్గా అందదు, మోటార్లు పిచ్చిగా ప్రవర్తిస్తాయి.

దీర్ఘచతురస్రాకారంలో ఉండే 9 వోల్టుల బ్యాటరీ ఈ పనికి పనికిరాదు. వోల్టేజ్ ఎక్కువే కానీ మోటార్లు అడిగే కరెంట్ ఇవ్వలేదు. లిథియం సెల్స్ బలమైనవే, కానీ షార్ట్ అయితే మంట లేవవచ్చు. సరైన చార్జర్, రక్షణ సర్క్యూట్ లేకుండా వాటి జోలికి పోవద్దు.

టీబీ6612లో స్టాండ్‌బై అనే పిన్ ఉంటుంది. దానికి హై సిగ్నల్ (ఆన్ అని చెప్పే వోల్టేజ్) ఇవ్వకపోతే మిగతాదంతా సరిగ్గా ఉన్నా మోటార్లు కదలవు. మోటార్ కదలడం లేదంటే మొదట చూడాల్సింది దాన్నే.

నాలుగో దశ: చక్రాలు గాల్లో పెట్టి తిప్పడం

చాసిస్ (రోబో చట్రం) కింద ఒక పెట్టె పెట్టి చక్రాలు నేలకు తగలకుండా ఉంచండి. ఒక్కో మోటారునూ విడిగా ముందుకు, వెనక్కి తిప్పి చూడండి. ఒకటి ఎదురు తిరిగితే దాని రెండు వైర్లనూ అటుదిటు మార్చండి, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. వేగం మార్చడానికి ఊనోలో 3, 5, 6, 9, 10, 11 పిన్లు పనికొస్తాయి. సర్వో అనే మరో రకం మోటార్లను నడిపే లైబ్రరీ వాడితే 9, 10 పిన్లలో ఈ సౌకర్యం పోతుంది కాబట్టి మోటార్లకు 5, 6 తీసుకోండి. వేగం విలువ 0 నుంచి మెల్లగా పెంచుతూ చక్రం ఎక్కడ కదలడం మొదలుపెట్టిందో రాసుకోండి. నేల మీద ఆ విలువ ఇంకాస్త ఎక్కువ కావాలి. ఒకే రకం మోటార్లు రెండు కొన్నా సమానంగా తిరగవు. రోబో ఎడమకు లాగుతుంటే కుడి మోటారు విలువ కొంచెం తగ్గించడమే.

ఐదో దశ: సెన్సర్ సున్నా అంటే ఏమిటి?

హెచ్‌సీ-ఎస్ఆర్04కి 10 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే అది 40 కిలోహెర్ట్జ్ ధ్వనిని వదిలి, ప్రతిధ్వని వచ్చేదాకా పట్టిన సమయాన్ని చెబుతుంది. ధ్వని మామూలు ఉష్ణోగ్రతలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వెళ్లిరావడం కలిపి సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్లు. కాబట్టి వచ్చిన సమయాన్ని 58తో భాగిస్తే సెంటీమీటర్లలో దూరం. డేటాషీట్ ప్రకారం ఇది 2 నుంచి 400 సెంటీమీటర్ల వరకు కొలుస్తుంది.

ఆర్డుయినోలో ఈ సమయాన్ని కొలిచే ఫంక్షన్ పల్స్‌ఇన్. ఎదురుచూసే గడువులోగా ప్రతిధ్వని అందకపోతే అది సున్నా ఇస్తుంది. "దూరం 20 కంటే తక్కువైతే తిరుగు" అని మాత్రమే రాసి ఉంటే, ఖాళీ గది మధ్యలో రోబో తన చుట్టూ తానే తిరుగుతుంది. ఎదురుగా ఏమీ లేకపోవడమే దానికి గోడ తగిలినట్టు అనిపిస్తోంది. దీన్ని సరిచేయడానికి చాలామంది సున్నా వస్తే దారి ఖాళీ అని రాస్తారు. అప్పుడు రోబో నేరుగా పోయి కర్టెన్‌కి గుద్దుకుంటుంది. మెత్తటి గుడ్డ ధ్వనిని పీల్చేస్తుంది, ఏటవాలుగా ఉన్న గోడ దాన్ని వేరే వైపు మళ్లిస్తుంది. రెండు చోట్లా వచ్చేది సున్నాయే.

అంటే ఇక్కడ సున్నా దగ్గరా కాదు, దూరమూ కాదు. తెలియదని అర్థం. దానికి కోడ్‌లో వేరే దారి ఉండాలి. ఒకసారి సున్నా వస్తే వేగం సగం చేయండి. వరుసగా మూడుసార్లు వస్తే ఆపి, కొద్దిగా పక్కకు తిప్పి మళ్లీ చూడండి. అప్పటికీ రాకపోతే మెల్లగా ముందుకు పోనిచ్చి బంపర్ స్విచ్చిని నమ్ముకోండి. ఎల్మర్, ఎల్సీలకు కూడా తగిలితే తెలియడమే ఆధారం కదా.

ఇంకో చిక్కుంది. ఎంతసేపు ఎదురుచూడాలో చెప్పకపోతే పల్స్‌ఇన్ ఒక సెకను దాకా ఆగగలదు. సెకనుకు 30 సెంటీమీటర్లు పోయే రోబో ఆ సెకనంతా గుడ్డిగా నడుస్తుంది. 25,000 మైక్రోసెకన్ల గడువు పెట్టండి, 4 మీటర్లకు అది చాలు. రెండు కొలతల మధ్య 60 మిల్లీసెకన్లు వదలండి, లేకపోతే పాత ప్రతిధ్వని కొత్త కొలతలో కలుస్తుంది. ఒక్క కొలత మీద నిర్ణయం తీసుకోకుండా మూడు తీసి మధ్యదాన్ని వాడండి.

ఆరో దశ: కదలికలు

ముందుకు, వెనక్కి, తిరుగు, ఆగు అని నాలుగు స్థితులు పెట్టుకుని, ఒక్కోదాని నుంచి మరోదానికి ఎప్పుడు మారాలో రాయండి. డిలే (కాసేపు ఊరికే ఆగమనే ఆదేశం) వాడితే ఆ సమయంలో రోబో ఏమీ చూడదు. మిల్లిస్ ఫంక్షన్‌తో గడిచిన సమయం చూసుకుంటూ లూప్‌ను ఆపకుండా తిప్పండి. గది మూలల్లో రోబో ఎడమకూ కుడికీ ఊగుతూ ఇరుక్కుంటుంది. ఐదు సెకన్లలో మూడు అడ్డంకులు వస్తే వెనక్కి వచ్చి దాదాపు పూర్తిగా తిరగమని ఒక నియమం కలపండి.

ఏడో దశ: టెలిగ్రామ్ బాట్

ఇక సాఫ్ట్‌వేర్ వైపు. టెలిగ్రామ్‌లో బాట్‌ఫాదర్ అనే అధికారిక బాట్‌కి న్యూబాట్ ఆదేశం పంపితే పేరు అడిగి, చివర ఒక టోకెన్ (పాస్‌వర్డ్ లాంటి రహస్య సంకేతం) ఇస్తుంది. ఆ టోకెన్ ఎవరి దగ్గరుంటే బాట్ వాళ్లదే. కోడ్‌లో రాయకండి, కోడ్‌కి బయట సిస్టమ్ దాచి ఉంచే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టండి. పొరపాటున బయటపడితే బాట్‌ఫాదర్ దగ్గరే పాతదాన్ని రద్దు చేసి కొత్తది తీసుకోవచ్చు. బాట్ తనంతట తాను ఎవరికీ మొదటి మెసేజ్ పంపలేదు, ముందు మీరే దానికి స్టార్ట్ పంపాలి.

మెసేజ్‌లు తెచ్చుకునే సులువైన పద్ధతి గెట్‌అప్‌డేట్స్. దీనికి సొంత సర్వర్, డొమైన్ అక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ అయినా, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ అయినా చాలు. ప్రతి మెసేజ్‌కీ ఒక అప్‌డేట్ నంబర్ ఉంటుంది. చివరి నంబర్‌కి ఒకటి కలిపి ఆఫ్‌సెట్‌గా పంపితే, అప్పటిదాకా ఉన్నవి అందాయని టెలిగ్రామ్‌కి తెలుస్తుంది.

ఇక్కడ ఒక నిర్ణయం మీరే తీసుకోవాలి. పని చేశాక అందిందని చెబితే, మధ్యలో ప్రోగ్రామ్ పడిపోయినప్పుడు అదే పని రెండుసార్లు జరగవచ్చు. ముందే అందిందని చెప్పి తర్వాత పని చేస్తే, పడిపోయినప్పుడు ఆ పని అసలు జరగకపోవచ్చు. రెండూ లేని మార్గం తేలిగ్గా దొరకదు. వార్త పంపే బాట్‌కి రెండుసార్లు రావడం చిన్న విసుగు, అంతే. మోటారు తిప్పే బాట్‌కి మాత్రం పని పోవడమే మేలు.

టెలిగ్రామ్ అందని మెసేజ్‌లను 24 గంటల దాకా దాచి ఉంచుతుంది. రాత్రి బాట్ ఆగిపోయి పొద్దున్న లేచిందనుకోండి, రాత్రి పంపిన ఆదేశాలన్నీ వరుసగా వచ్చి పడతాయి. అందుకే ప్రతి మెసేజ్‌తో వచ్చే సమయం చూసి, కదలిక ఆదేశం పది సెకన్ల కంటే పాతదైతే పారేయండి. ఎవరి ఆదేశాలు వినాలో కూడా జాబితా పెట్టండి. బాట్ పేరు వెతికితే ఎవరికైనా దొరుకుతుంది.

ఎనిమిదో దశ: బాట్‌కి ఒక పని

మొదటి పనిగా ఒక ఆర్ఎస్ఎస్ ఫీడ్‌ను (వెబ్‌సైట్ తన కొత్త వార్తలను ప్రోగ్రామ్‌ల కోసం ఇచ్చే జాబితాను) గమనించి కొత్తవి వస్తే చెప్పమనండి. చూసినవాటి గుర్తింపు నంబర్లు ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో దాచండి. మొట్టమొదటిసారి నడిపినప్పుడు ఉన్నవన్నీ చూసినవిగా గుర్తు పెట్టుకుని ఊరుకోవాలి, లేకపోతే పాతవన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. ఫీడ్ ఖాళీగా వస్తే? అదీ సెన్సర్ సున్నా లాంటిదే. కొత్త వార్తలు లేవని అనుకోకండి. అవతల ఏదో చెడి ఉండవచ్చు. వరుసగా కొన్నిసార్లు ఖాళీ వస్తే మీకు ఆ విషయం చెప్పమనండి. ఏ వార్తా రాకపోతే అంతా బాగుందనుకుంటాం, బాట్ ఆగిపోయి వారం అయినా తెలియదు.

సర్వర్ 429 అని జవాబిస్తే మీరు మరీ ఎక్కువగా అడుగుతున్నారని అర్థం. ఎంతసేపు ఆగాలో అది చెబితే అంతసేపు ఆగండి. చెప్పకపోతే ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని పెంచుతూ పోండి, ఒక హద్దు దాటాక మానేయండి. టెలిగ్రామ్‌లో ఒకే చాట్‌కి సెకనుకు ఒక మెసేజ్ మించకుండా చూసుకోవాలి.

వెబ్ పేజీలు చదివే బాట్‌లైతే ముందు బాట్‌లు ఏ పేజీలు చదవవచ్చో చెప్పే ఆ సైట్ రోబోట్స్ టెక్స్ట్ ఫైల్ చూడాలి. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ మర్యాద 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అనే పత్రంగా ఇంటర్నెట్ ప్రమాణమైంది. అది తాళం కాదు, పాటించకపోయినా పేజీ తెరుచుకుంటుంది. అయినా పాటించండి, బాట్ పేరు యూజర్ ఏజెంట్‌లో (అడిగేది ఎవరో సైట్‌కి చెప్పే వరుసలో) రాయండి, ప్రోగ్రామ్‌లు నేరుగా సమాచారం తీసుకునే దారి, అంటే ఏపీఐ, సైట్ ఇస్తే పేజీల జోలికే పోకండి.

ఆపే మీట మరిచిపోవద్దు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే బ్రోకరేజీ కంపెనీ కొత్త ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎనిమిది సర్వర్లలో ఏడింటికే ఎక్కించింది. మిగిలిన ఒక్కదానిలో ఎప్పుడో వదిలేసిన పాత కోడ్ లేచి ఆర్డర్లు కుమ్మరించింది. సుమారు 45 నిమిషాల్లో పోయింది 40 కోట్ల డాలర్లకు పైనే. మన బాట్ అంత నష్టం చేయదులెండి. అయినా "ఆగు" అన్న ఒక్క మాటతో అన్ని పనులూ నిలిచిపోయేలా రాయడానికి పట్టేది పది లైన్లే.

తొమ్మిదో దశ: రెండిటినీ కలపడం

ఊనో తీసి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 పెట్టండి. ఇది 3.3 వోల్టుల బోర్డు. సెన్సర్ ఎకో పిన్ 5 వోల్టులు ఇస్తుంది కాబట్టి నేరుగా కలపకూడదు. ఎకో నుంచి ఒక కిలోఓమ్ రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి రెండు కిలోఓమ్‌లు పెట్టి, మధ్యలోంచి వైరు తీస్తే 3.3 వోల్టులు వస్తాయి. టీబీ6612 లాజిక్ సరఫరా కూడా 5 నుంచి 3.3 వోల్టులకు మార్చండి. 5 వోల్టుల దగ్గర దానికి హై అని అర్థం కావడానికి 3.5 వోల్టులు కావాలి, ఈఎస్‌పీ32 అంత ఇవ్వలేదు.

ల్యాప్‌టాప్‌లో మస్కిటో అనే ఎంక్యూటీటీ బ్రోకర్ నడపండి. ఎంక్యూటీటీ అంటే పరికరాలు చిన్న మెసేజ్‌లు పంపుకునే పద్ధతి, బ్రోకర్ వాటిని మధ్యలో చేరవేసే ప్రోగ్రామ్. బాట్ దానికి ఆదేశం ఇస్తుంది, రోబో దాని నుంచి తీసుకుంటుంది. ఎంక్యూటీటీలో మెసేజ్‌కి రిటెయిన్ గుర్తు పెడితే, తర్వాత ఎవరు కనెక్ట్ అయినా వెంటనే అది అందుతుంది. రోబో స్థితికి ఇది బాగుంటుంది. ఆదేశాలకు పెట్టారా, వైఫై తెగి కలిసిన ప్రతిసారీ పాత "ముందుకు" మళ్లీ అందుతుంది. లాస్ట్ విల్ అనే సౌకర్యం కూడా వాడుకోండి: రోబో చెప్పకుండా మాయమైతే బ్రోకరే దాని తరఫున "ఆఫ్‌లైన్" అని ప్రకటిస్తుంది. బ్రోకర్‌ను మాత్రం ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి.

టెలిగ్రామ్ మీదుగా వచ్చే ఆదేశం కొన్నిసార్లు సెకన్ల ఆలస్యంగా చేరుతుంది. దీన్ని రిమోట్ కంట్రోల్‌లా వాడాలని చూడకండి. "ఒక నిమిషం తిరుగు", "ఆగు", "దూరం చెప్పు" లాంటి పూర్తి పనులే ఇవ్వండి. అడ్డంకి తప్పించుకోవడం ఎప్పుడూ రోబో లోపలే జరగాలి. నడుస్తుండగా బ్రోకర్‌తో సంబంధం తెగితే అర సెకనులో మోటార్లు ఆగాలి.

మామూలు మాటల్లో చెబితే అర్థం చేసుకోవాలంటే మనుషుల భాష అర్థం చేసుకునే ఏఐ ప్రోగ్రామ్‌ను, అంటే లాంగ్వేజ్ మోడల్‌ను, మధ్యలో పెట్టవచ్చు. దానికి అప్పగించే పని చిన్నదై ఉండాలి: వచ్చిన వాక్యాన్ని మీరు రాసిన మూడు ఆదేశాల్లో ఒకటిగా మార్చడం, కుదరకపోతే "అర్థం కాలేదు" అనడం. అది ఇచ్చిన జవాబు ఆ జాబితాలో ఉందో లేదో మీ కోడ్ సరిచూడాలి. బయటి నుంచి వచ్చే ఫీడ్ పాఠాన్ని ఆదేశాలు ఇచ్చే మోడల్‌కి చూపించవద్దు, ఆ పాఠంలోనే ఎవరైనా ఆదేశం దాచి పెట్టవచ్చు. ఊళ్లో వాళ్లందరి మాటలూ నేర్చుకునే బాట్ ఏమవుతుందో మైక్రోసాఫ్ట్ వారి టే అనే చాట్‌బాట్ 2016 మార్చిలో చూపించింది. ఒక్క రోజైనా నిండకుండానే దాన్ని వెనక్కి తీసుకున్నారు.

పదో దశ: కావాలని చెడగొట్టడం

అన్నీ నడుస్తున్నప్పుడు ఒక్కోటీ తెంచి చూడండి. సెన్సర్ మీద గుడ్డ కప్పండి, రోబో నెమ్మదించాలి. సెన్సర్ ఎకో వైరు పీకండి, ఆగి, పక్కకు తిరిగి చూసి, ఆ తర్వాత మెల్లగా మాత్రమే కదలాలి. నడుస్తుండగా వైఫై రూటర్ ఆఫ్ చేయండి, చక్రాలు అర సెకనులో నిలవాలి. మళ్లీ ఆన్ చేయండి, కొత్త ఆదేశం వచ్చేదాకా కదలకూడదు. ఫీడ్ చిరునామా తప్పుగా రాసి చూడండి, బాట్ మీకు ఫిర్యాదు చేయాలి. జాబితాలో లేని మరో ఖాతా నుంచి "ఆగు" తప్ప మిగతావన్నీ పంపండి, ఒక్కటీ పనిచేయకూడదు. "ఆగు" ఎవరన్నా వినేలా ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

చివరిగా బాట్‌ను ఆపేసి, టెలిగ్రామ్‌లో దానికి పది "తిరుగు" మెసేజ్‌లు పంపి, ఐదు నిమిషాల తర్వాత బాట్‌ను మళ్లీ నడపండి. రోబో కదిలిందంటే మెసేజ్ సమయం చూసే భాగంలో ఇంకా తప్పుంది, ఏడో దశకి వెళ్లి అక్కడి నుంచి వెతకండి.